టూ ఇన్ వన్ ల్యాప్‌టాప్ మీద బొమ్మలు వేద్దామనుకునేవాళ్లు జాగ్రత్త: ‘పెన్ సపోర్ట్’ అన్న ఒక్క మాట చూసి డబ్బు కట్టకండి

ట్యాబ్లెట్‌గానూ ల్యాప్‌టాప్‌గానూ పనికొస్తుందని చెప్పే టూ ఇన్ వన్ కొనాలని చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా దాని మీద బొమ్మలు వేసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకునేవాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. డెబ్భై వేల పైచిలుకు పోసి కొన్న మెషీన్ మీద నేనిప్పుడు మెయిల్స్, బిల్లులు టైప్ చేసుకుంటున్నాను. బొమ్మలు మాత్రం పాత పెన్ ట్యాబ్లెట్‌నే (కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే పలక) మళ్లీ బయటికి తీసి దాని మీద వేస్తున్నాను. నాలాగే ఇంకొకరి డబ్బు ఇలా ఇరుక్కుపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

విజయవాడలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం, పేజీలు కట్టివ్వడం నా పని. పబ్లిషర్ పక్కన కూర్చుని అక్కడికక్కడే మార్పులు చేయాల్సి వస్తుంది. ఒక సంచిలో ల్యాప్‌టాప్, ఇంకో సంచిలో పెన్ ట్యాబ్లెట్, వాటి వైర్లు మోసుకుంటూ తిరగలేక అన్నీ ఒక్కదాంట్లోనే ఉంటే బాగుండుననిపించింది. మూత పూర్తిగా వెనక్కి మడిచి ట్యాబ్లెట్‌లా వాడుకునే రకం ఆన్‌లైన్‌లో కనిపించింది. పెన్ కూడా కలిపి కాంబో ఆఫర్. అయినా తొందరపడకుండా అమ్మే అతన్ని చాట్‌లో సూటిగా అడిగాను: ‘నొక్కే బలాన్ని బట్టి గీత మందం మారుతుందా?’ అని. ‘ఎస్ మేడమ్, ఫుల్ ప్రెషర్ సపోర్ట్’ అని జవాబిచ్చాడు. ఆ తర్వాతే డబ్బు కట్టాను.

పెట్టెలో వచ్చిన పెన్నుకు ప్రెషర్ అన్నదే లేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి అబ్బాయి ఆ పెన్నుతో స్క్రీన్ మీద తన పేరు రాసి చూపించి, ‘బాగానే పనిచేస్తోంది కదా మేడమ్’ అన్నాడు. పేరు రాయడానికి ప్రెషర్ అక్కర్లేదు. పాపాయి కనురెప్ప వెంట్రుక వేయాలంటే కావాలి. గీత సన్నగా మొదలవ్వాలి, మధ్యలో కాస్త మందమవ్వాలి, చివర్లో కనిపించీ కనిపించనట్టు ఆగిపోవాలి. ఆ పెన్నుతో ఎంత మెల్లగా తాకినా, ఎంత గట్టిగా నొక్కినా మొదటి నుంచి చివరిదాకా ఒకటే లావు. పైగా అరచేయి స్క్రీన్‌కు తగిలితే అక్కడ కూడా ఒక మచ్చ పడుతోంది.

అసలు సంగతి ఏంటంటే, ‘స్టైలస్ సపోర్ట్’ అన్న మాట కింద రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి, మొనలో రబ్బరో, పారదర్శకమైన చిన్న బిళ్లో ఉండే పెన్. స్క్రీన్ దాన్ని వేలు అనుకుంటుంది, అంతే. ఏ టచ్ ఫోన్ మీదైనా పనిచేస్తుంది, ధర కూడా తక్కువే. రెండోది యాక్టివ్ పెన్. ఇది స్క్రీన్‌తో సిగ్నల్ ద్వారా మాట్లాడుతుంది, చాలావరకు ఎంత నొక్కామో కూడా చెబుతుంది, పెన్ దగ్గరికి రాగానే అరచేతిని పట్టించుకోవద్దని స్క్రీన్‌కు తెలుస్తుంది. బొమ్మలకు కావలసింది ఇదే.

యాక్టివ్ పెన్నుల్లోనూ అన్నీ ఒకటి కావు, స్క్రీన్‌తో మాట్లాడే పద్ధతులు వేరువేరు. మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్ ఒకటి, పెన్ ట్యాబ్లెట్లు చేసే వాకమ్ కంపెనీ వాళ్ల ఏఈఎస్ ఒకటి, బ్యాటరీ అక్కర్లేని ఈఎంఆర్ ఇంకొకటి (శాంసంగ్ ఎస్ పెన్ ఈ జాతిదే), గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే యూఎస్ఐ మరొకటి. ఒక జాతి స్క్రీన్ మీద ఇంకో జాతి పెన్ పనిచేయదు. మైక్రోసాఫ్ట్ పద్ధతి, ఏఈఎస్ రెండింటికీ సరిపడే పెన్నులు కొన్ని ఉన్నాయి గానీ మీకు దొరికింది అదేనని గ్యారంటీ ఏమీ లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే సిరీస్ పేరుతో అమ్మే మోడళ్లలో ఒకదానికి యాక్టివ్ పెన్ పనిచేసి, మరోదానికి ఉత్త టచ్ మాత్రమే ఉండొచ్చు. అందుకని సిరీస్ పేరు చూసి ఆగకండి. అడుగున స్టిక్కర్ మీద ఉండే పూర్తి మోడల్ నంబర్ తీసుకుని, దానికి ఏ పెన్ సరిపోతుందో కంపెనీ సొంత సైట్‌లో పేరుతో సహా చూడండి. అక్కడ పెన్ పేరు లేకపోతే అమ్మేవాళ్లు ఏం చెప్పినా నమ్మొద్దు.

నా మోడల్‌కు సరిపడే పెన్ విడిగా కొన్నాను. ప్రెషర్ వచ్చింది. కానీ అసలు దెబ్బ అప్పుడే తెలిసింది. ఏటవాలు గీత మెల్లగా గీస్తే తిన్నగా రావడం లేదు, చిన్న అలల్లా వంకర్లు పోతోంది. చేయి వణుకుతోందేమోనని స్కేలు ఆనించి గీశాను. స్కేలు వెంట పెన్ తిన్నగానే వెళ్తోంది, స్క్రీన్ మీద మాత్రం అలలే. నిలువు గీత బాగుంది, అడ్డగీత బాగుంది, ఏటవాలుగా గీస్తేనే ఈ తంటా. స్క్రీన్ కింద గళ్లుగళ్లుగా ఉండే సన్నటి సెన్సర్ తీగల మధ్య పెన్ మొన ఎక్కడుందో మెషీన్ లెక్కగట్టాలి. ఆ లెక్కలో తేడా వస్తే ఇలా బయటపడుతుంది. వేగంగా గీస్తే కనిపించదు, అందుకే షాపులో సంతకం పెట్టి చూసేవాళ్లకు తెలియదు. క్రితా, క్లిప్ స్టూడియో లాంటి బొమ్మలు వేసే ప్రోగ్రామ్‌లలో స్టెబిలైజర్ (గీత వణుకును సరిచేసే సెట్టింగ్) పెంచితే కొంత మరుగున పడుతుంది. కానీ అప్పుడు గీత చేతి వెనకాల ఆలస్యంగా వస్తుంది, లైన్ వర్క్ చేసేవాళ్లకు అది నరకం.

కాబట్టి కొనే ముందు ఒక స్కేలు జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. డెమో పీస్ మీద మామూలు పెయింట్ యాప్ తెరిచినా చాలు. మీరు కొనబోయే పెన్నుతోనే ఏటవాలుగా, నత్తనడకన నాలుగు గీతలు గీయండి. తర్వాత పెన్‌ను ఏమాత్రం నొక్కకుండా, బరువు కూడా మోపకుండా తాకించి లాగండి. అప్పుడు గీత పడితే మంచిది. పెట్టె మీద 4096 ప్రెషర్ లెవెల్స్ అని, అంటే నొక్కే బలాన్ని అన్ని మెట్లుగా గుర్తిస్తుందని, పెద్దక్షరాలతో ఉంటుంది. మొదటి గీత పడటానికే గట్టిగా నొక్కాల్సి వస్తే ఆ అంకె వల్ల ఒరిగేదేమీ లేదు. స్క్రీన్ అంచుల దగ్గర, మూలల్లో కూడా గీయండి, మొనకూ గీతకూ మధ్య ఎడం అక్కడ పెరగొచ్చు. షాపువాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బు మీది.

పెన్నులో బ్యాటరీ ఏదో కూడా అడగండి. కొన్నింటికి ఏఏఏఏ, అంటే నాలుగు ఏలు ఉండే సన్నటి సెల్ వేయాలి. మన వీధి చివరి షాపులో అడిగితే మూడు ఏలది చేతిలో పెడతారు, అది అందులో పట్టదు. నాలుగు ఏలది ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ముందే ఇంట్లో పెట్టుకోవాలి. డెడ్‌లైన్ రోజు రాత్రి సెల్ అయిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మడిచే రకం, విడదీసే రకం అని రెండున్నాయి కదా, ఏది మంచిదని చాలామంది అడుగుతుంటారు. మడిచే రకంలో కీబోర్డు వెనక్కి వెళ్లి మీ వేళ్ల కింద ఉంటుంది. దాని మీటలు పనిచేయవు గానీ నొక్కుకుంటూనే ఉంటాయి. బరువు కూడా తక్కువేమీ కాదు, పద్నాలుగు అంగుళాలదైతే సుమారు కిలోన్నర. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో గీయడం ప్రకటనల్లోనే, నిజానికి టేబుల్ మీద పెట్టాల్సిందే. విడదీసే రకం చేతికి తేలిక. కానీ చాలావాటికి కీబోర్డు, పెన్ విడిగా కొనాలి, ప్రకటనలో కనిపించే ధరలో అవి ఉండవు. వెనక స్టాండ్ మీద నిలబడేవి ఒళ్లో పెట్టుకుంటే కుదురుగా ఉండవు. రైల్లో ఒళ్లో పెట్టుకుని టైప్ చేసే అలవాటుంటే ఇది ఆలోచించుకోండి. కీబోర్డు తీసేశాక తెలుగు టైప్ చేయాలంటే తెర మీది కీబోర్డు సగం పేజీని మింగేస్తుంది.

మనవాళ్లకు ఇంకో చిక్కు పాత సాఫ్ట్‌వేర్. ఇప్పటికీ ఎన్నో డీటీపీ సెంటర్లలో అనూ తెలుగు ఫాంట్లు, పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఈ కొత్త చిన్న స్క్రీన్‌ల మీద పిక్సెల్స్ బాగా దట్టంగా ఉంటాయి కాబట్టి అలాంటి పాత ప్రోగ్రామ్‌లలో మెనూలు చీమ తలంత కనిపిస్తాయి. పెద్దవి చేస్తే మసకబారతాయి. ఫోటోషాప్ సీఎస్6 లాంటి పాత వెర్షన్ వాడేవాళ్లకు ఇంకో సమస్య: అవి ప్రెషర్‌ను విన్‌ట్యాబ్ అనే డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) ద్వారా చదువుతాయి. ఆ డ్రైవర్ లేని మెషీన్‌లో పెన్ ఎంత మంచిదైనా గీత ఒకే మందంగా వస్తుంది. 2014 తర్వాతి ఫోటోషాప్ సీసీ వెర్షన్లు విండోస్‌లోనే ఉండే ‘విండోస్ ఇంక్’ అనే పెన్ పద్ధతిని అర్థం చేసుకుంటాయి.

స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ మెషీన్లకు బ్యాటరీ బాగా ఆగుతుందని పేరు. మామూలు ప్రోగ్రామ్‌లు చాలావరకు వాటి మీద ఎమ్యులేషన్‌తో, అంటే వేరే ప్రాసెసర్ కోసం రాసినదాన్ని అనువదించుకునే పద్ధతితో, నడుస్తాయి. డ్రైవర్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు, ఆ ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా రాసినవే కావాలి. మీ పాత ప్రింటర్, స్కానర్, సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్ పనిచేస్తాయో లేదో తేల్చుకోకుండా ఆ దారి తొక్కకండి.

ర్యామ్ సంగతి. ప్రింట్‌కు వెళ్లే ఏ4 బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెల్స్. బొమ్మను ఒకదాని మీద ఒకటిగా పొరలుగా, అంటే లేయర్లుగా, వేస్తాం; నిండా రంగున్న ఒక్కో లేయర్ దాదాపు 35 ఎంబీ. ముప్పై లేయర్లకు ఒక జీబీ దాటుతుంది, దానికి అన్‌డూ హిస్టరీ కూడా కలుస్తుంది. ఇలాంటి సన్నటి మెషీన్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది కాబట్టి తర్వాత పెంచుకుందామంటే కుదరదు. ప్రింట్ బొమ్మలకైతే 8 జీబీతో సరిపెట్టుకోకండి, 16 తీసుకోండి.

స్క్రీన్ రంగుల దగ్గరా మోసపోవచ్చు. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు స్పెసిఫికేషన్‌లో ఉంటాయి. అక్కడ ‘45% ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్నగా ఉంటే రంగులు వెలసినట్టు కనిపిస్తాయని అర్థం. అలాంటి తెర మీద చూసి ఎరుపును ఇంకాస్త పెంచుతాం, ప్రెస్ నుంచి పుస్తకం వచ్చాక పిల్లల బుగ్గలు మండిపోతున్నట్టుంటాయి. ‘100% ఎస్ఆర్‌జీబీ’ అని రాసి ఉన్నదే చూడండి.

ఇదంతా చదివి ‘ఐప్యాడ్ కొంటే పోలా’ అనుకునేవాళ్లకు ఒక మాట. గీయడానికి అది చాలా మంచిది, నేనూ కాదనను. కానీ 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ యాపిల్ పెన్సిల్‌కు ప్రెషర్ లేదు. పేరులో పెన్సిల్ ఉందని, ధర తక్కువని అది తీసుకుంటే నాకు మొదట వచ్చిన పెన్ కథే మీకూ. ఏ ఐప్యాడ్‌కు ఏ పెన్సిల్ అన్నది కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. రెండో తరం పెన్సిల్ 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో మీద పనిచేయదు, దానికి పెన్సిల్ ప్రో కావాలి. విండోస్ డీటీపీ ప్రోగ్రామ్‌లు ఐప్యాడ్‌లో ఎక్కవు. పేజీలు కట్టడానికి ఇంకో కంప్యూటర్ ఎలాగూ ఉండాల్సిందే.

నన్నడిగితే నోట్స్ రాసుకునే విద్యార్థులకు, పీడీఎఫ్‌ల మీద దిద్దే టీచర్లకు, క్లయింట్‌కు రఫ్ స్కెచ్ చూపించేవాళ్లకు టూ ఇన్ వన్ హాయిగా సరిపోతుంది. గీత శుభ్రత మీదే కూడు తినేవాళ్లు మాత్రం ఒక మంచి మామూలు ల్యాప్‌టాప్, దానికి పెన్ ట్యాబ్లెట్ విడిగా తీసుకోవడం మేలు. ఒకటి పాడైతే రెండోదైనా మిగులుతుంది. మోయడం కష్టమే, కాదనడం లేదు.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లకు. చాలా లిస్టింగ్‌లలో ‘రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని ఉంటుంది. అది చూసి ఆగిపోకండి. ప్రకటనలో చెప్పిన ఫీచర్ వస్తువులో లేకపోతే తిరిగి తీసుకోవడానికి అమ్మినవాళ్లు నిరాకరించకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. లిస్టింగ్ పేజీని, చాట్‌ను వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత పేజీ మార్చేస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

నేను 1915కి ఫిర్యాదు చేశాక కాంబోలో వచ్చిన పెన్ డబ్బు వెనక్కి ఇచ్చారు. వంకర గీతల గురించి మాత్రం ‘స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంది’ అనే ఒక్క లైన్ జవాబుతో సరిపెట్టారు. ‘ఫుల్ ప్రెషర్ సపోర్ట్’ అన్న ఆ చాట్, బిల్లు, స్కేలు పెట్టి గీసిన గీతల వీడియో అన్నీ జతచేసి కమిషన్‌లో కేసు వేస్తున్నాను.