లాట్ నంబరు కొడితే వివరమే కనబడాలి: పీఎన్‌పీ మోడర్న్ సెర్చ్, రెండు సీజన్ల వాడకం తర్వాత

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీ ఇంట్రానెట్‌లో వెతికేవాళ్ళకు చాలాసార్లు ఫైలుతో పని ఉండదు. అందులోని ఒక్క ముక్క చాలు. ఫలానా లాట్ ఏ కోల్డ్ స్టోరేజీలో ఉంది, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), రకం తేజానా 341నా, ఆఫ్లాటాక్సిన్ (బూజు వల్ల వచ్చే విషం) ల్యాబ్ రిపోర్టు వచ్చిందా. ఇంట్రానెట్‌కు వాడే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో మామూలు సెర్చ్ పేజీ ఫైలు పేరు, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నవి చూపించి, కింద రెండు లైన్ల సారాంశం వేస్తుంది. యార్డులో నిలబడి ఫోనులో చూసే మనిషికి ఎవరు మార్చారన్నది దేనికి? ఆ వరుసను మనకు కావలసినట్టు మార్చుకోవడానికే పీఎన్‌పీ మోడర్న్ సెర్చ్ నాలుగో వెర్షన్.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. ప్యాకేజీ ఫైలును యాప్ కేటలాగ్‌లో ఎక్కించి, సైట్‌లో యాప్‌గా చేర్చుకుంటే సెర్చ్ బాక్స్, ఫలితాలు, ఫిల్టర్లు, ట్యాబులు అని నాలుగు వెబ్ పార్టులు (పేజీలో పెట్టుకునే ముక్కలు) వస్తాయి. పేజీలో పెట్టి ఒకదానికొకటి కలపడం పూట పని. ఫలితం ఎలా కనబడాలో చెప్పే ఫైలు టెంప్లేట్. షేర్‌పాయింట్ 2013 కాలపు డిస్‌ప్లే టెంప్లేట్లతో కుస్తీ పట్టినవాళ్ళకు ఇది సెలవులాగే ఉంటుంది. అక్కడ హెచ్‌టీఎంఎల్ ఫైలు మారిస్తే జావాస్క్రిప్ట్ ఫైలు దానంతటదే తయారయ్యేది. పొరపాటున ఆ రెండోదాన్ని దిద్దితే, తర్వాత మొదటిదాన్ని సేవ్ చేసినప్పుడల్లా దిద్దినదంతా తుడిచిపెట్టుకుపోయేది.

అసలు కష్టం టెంప్లేట్‌లో లేదు, కాలమ్స్‌లో ఉంది. లాట్ నంబరు, రకం, టిక్కీలు, స్టోరేజీ పేరు డాక్యుమెంట్ లైబ్రరీలో విడివిడి కాలమ్స్‌గా లేకపోతే ఎంత అందమైన టెంప్లేట్ అయినా వట్టి పెట్టె. కాలమ్ చేసి, కనీసం ఒక ఫైలుకైనా అందులో విలువ నింపి, క్రాల్ అయ్యేదాకా, అంటే సెర్చ్ దాన్ని చదివి తన ఇండెక్స్‌లో (సూచికలో) చేర్చుకునేదాకా ఆగాలి. అప్పుడుగానీ సెర్చ్ స్కీమాలో (సెర్చ్‌కు తెలిసిన ప్రాపర్టీల జాబితాలో) ఆ కాలమ్ పేరు కనబడదు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో ఫిల్టర్‌కు, వరుస మార్చడానికి పనికొచ్చే ప్రాపర్టీలను (సెర్చ్ విలువలు ఉంచుకునే గడులను) కొత్తగా చేసుకోనివ్వరు. ముందే ఖాళీగా పెట్టిన రిఫైనబుల్ స్ట్రింగ్ వరుసలోంచి ఒకటి తీసుకుని మన కాలమ్‌ను దానికి కలపాలి. ఏ నంబరుకు ఏది కలిపామో ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత పదిహేను ఏమిటో, పదహారు ఏమిటో ఎవరికీ గుర్తుండదు. కలిపాక ఆ లైబ్రరీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అడ్వాన్స్‌డ్‌లో రీఇండెక్స్ నొక్కాలి. అది నొక్కకపోతే కొత్తగా మార్చిన ఫైళ్ళకే విలువలు వస్తాయి, పాతవన్నీ ఖాళీగా ఉంటాయి.

విలువలు వచ్చాక వాటి అవతారం చూసి కంగారు పడొద్దు. టిక్కీల సంఖ్యను స్ట్రింగ్ (అక్షరాల) ప్రాపర్టీకి కలిపితే 120 కాస్తా 120.000000000000గా దిగుతుంది, టెంప్లేట్‌లో చుక్క దగ్గర కోసేయాలి. రకానికి మేనేజ్డ్ మెటాడేటా (టర్మ్ స్టోర్ అనే కేంద్ర పదాల జాబితాలోంచి ఎంచుకునే కాలమ్) వాడితే పేరుకు ముందూ వెనకా పొడుగాటి గుర్తింపు సంఖ్యలు వేలాడుతుంటాయి. మామూలు చాయిస్ కాలమ్ పెట్టుకుంటే ఆ బెడద లేదు. పదిహేను రకాల మిర్చికి టర్మ్ స్టోర్ అవసరం లేదని నా అభిప్రాయం.

తేదీలది ఇంకో కథ. ఇండెక్స్‌లో సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకు అయిదున్నర గంటలు వెనక. సైట్ టైమ్ జోన్ భారత సమయమే అయినా, తేదీ మాత్రమే ఉన్న కాలమ్‌లో ఫిబ్రవరి 12 అని వేస్తే లోపల 11వ తేదీ 18:30గా నిలవ ఉంటుంది. మొదటి పది అక్షరాలు కోసి చూపిస్తే ప్రతి రసీదు తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. తేదీ కోసం వాళ్ళిచ్చిన గెట్‌డేట్ హెల్పర్‌నే వాడండి, బ్రౌజర్ సమయానికి మార్చి చూపిస్తుంది.

టెంప్లేట్ హ్యాండిల్‌బార్స్‌లో (హెచ్‌టీఎంఎల్ మధ్య జంట బ్రాకెట్లలో విలువలు పెట్టే పద్ధతిలో) రాయాలి. హెచ్‌టీఎంఎల్ తెలిసినవాళ్ళు రెండు మూడు రోజుల్లో పట్టేస్తారు. మొదట లేఅవుట్‌ను డీబగ్‌కు మార్చి ముడి డేటా చూడండి. అందులో లేని ప్రాపర్టీ టెంప్లేట్‌లో ఎన్నిసార్లు రాసినా రాదు. వెబ్ పార్ట్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకోవడం మర్చిపోయారన్నమాట. ఎర్రర్ ఏమీ చెప్పదు, ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పడినా అంతే.

తయారు చేసినవాళ్ళకు బ్రహ్మాండంగా కనబడి మిగతా ఆఫీసుకు కనబడకపోవడం ఇక్కడ మామూలే. టెంప్లేట్ ఫైలు అందరికీ చదివే అనుమతి లేని లైబ్రరీలో ఉందా, చెకౌట్‌లో ఉండిపోయిందా, పబ్లిష్ చేయని డ్రాఫ్టా, ఈ మూడే చూడండి.

రసీదులు మాయమవడం మాత్రం కొత్తవాళ్ళను నిజంగా భయపెడుతుంది. కోల్డ్ స్టోరేజీ రసీదులన్నీ ఒకే నమూనా, నంబరు, బరువు తప్ప తేడా ఉండదు. సెర్చ్ వాటిని నకళ్ళనుకుని ఒక్కటి చూపించి మిగతావి దాచేస్తుంది. నకళ్ళను తీసేసే ఆప్షన్‌ను ఆఫ్ చేస్తే అన్నీ బయటికొస్తాయి. ఇలాంటి రసీదులు, ఇన్‌వాయిస్‌లు ఉన్న ఏ కంపెనీ అయినా మొట్టమొదట చేయాల్సిన పని ఇదే.

ఫైలు శీర్షికనూ నమ్మొద్దు. పాత రసీదును కాపీ చేసి కొత్తది తయారు చేస్తే లోపలి టైటిల్ పాతదే ఉంటుంది, ఇరవై ఫలితాలకూ ఒకటే పేరు. టైటిల్ బదులు ఫైల్‌నేమ్ పెట్టుకోవాలి.

తెలుగు దగ్గర రెండు తిప్పలు. ఒకటి, పాత ఉత్తరాలన్నీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) టైపు చేసినవి. తెరమీద తెలుగులా కనబడినా లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజే. యూనికోడ్‌లో వెతికితే దొరకవు, సారాంశంలో ఆ గజిబిజే పడుతుంది. అలాంటి లైబ్రరీకి సారాంశం మొత్తం తీసేసి, విషయం అనే కాలమ్‌ను యూనికోడ్‌లో నింపి అదే చూపించడం తప్ప వేరే దారి లేదు. నింపడం విసుగే, కానీ కన్వర్టర్ కొట్టి మళ్ళీ తప్పులు దిద్దుకోవడం కంటే నయం. రెండోది, లైన్ ఎత్తు తక్కువ పెట్టిన కార్డుల్లో ఒత్తులు, గుడులు తెగిపోతాయి. విండోస్‌లో తెలుగు నిర్మలా యూఐ ఫాంట్‌లోకి మారుతుంది, ఇంగ్లీషు కొలతకు చేసిన పెట్టె దానికి చాలదు. లైన్ ఎత్తు 1.6, అక్షరం 15 పిక్సెల్స్ పెడితే "క్ష్మి" కూడా నిండుగా కనబడుతుంది.

ఫోనులో డీటెయిల్స్ లిస్ట్ (పట్టిక) లేఅవుట్ వద్దు. ఏడు కాలమ్స్ పక్కకు జరుపుకుంటూ చదవడం ఎండలో అయ్యే పని కాదు. లాట్ నంబరు లావుగా, పక్కన రకం, కింది లైన్లో టిక్కీలు, స్టోరేజీ, తేదీ, అంతే.

ల్యాబ్ కాలమ్ ఖాళీగా ఉంటే ఎర్రగా "రిపోర్టు రాలేదు" అని చూపించడం తేలికే, టెంప్లేట్‌లో ఒక ఇఫ్ షరతు చాలు. అయితే ఆ మాట ఒక్కోసారి అబద్ధమవుతుంది. రిపోర్టు ఎక్కించిన వెంటనే ఇండెక్స్‌లోకి రాదు. నిమిషాల్లో రావచ్చు, గంటలూ పట్టవచ్చు. "ఇంకా నమోదు కాలేదు" అని మార్చి, పక్కనే ఫైలుకు లింకు ఇవ్వండి. లారీ బయల్దేరాలా ఆగాలా అన్న నిర్ణయానికి లైబ్రరీనే తెరవాలి, సెర్చ్ చాలదు.

అనుమతుల విషయంలో బెంగ అక్కర్లేదు. ఎవరికి ఏ ఫైలు చదివే హక్కు లేదో అది వాళ్ళ ఫలితాల్లో రాదు, టెంప్లేట్ ఎలా రాసినా సరే.

ఒక లోటు: టెంప్లేట్ ఫైలు సేవ్ చేసిన క్షణం నుంచే అందరి పేజీ మారిపోతుంది. ఒక బ్రాకెట్ మర్చిపోతే ఫలితాల చోట ఎర్రర్ మాత్రమే మిగులుతుంది, అదీ సీజన్‌లో మధ్యాహ్నం. అదే ఫైలుకు ఇంకో పేరుతో కాపీ, దానికి వేరే టెస్ట్ పేజీ ఉంచుకోండి. లైబ్రరీలో వెర్షన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే పాతదాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు.