సగటు లెక్కా, కర్ణం లెక్కా?

మా డెల్టాలో బోదె, అంటే చేలకి నీళ్లు పారే చిన్న కాలువ, ఎటు వంగితే చేను గట్టూ అటే వంగుతుంది, నాలుగు మూలలూ లంబకోణాలుగా ఉన్న చేను దొరకడం అదృష్టమే. అయినా చేను విస్తీర్ణం కట్టడానికి చాలామంది ఎదురెదురు గట్లు కొలిచి, సగటు తీసి, రెండు సగటులనీ గుణించేస్తారు. టేపు చాలు, నోటి లెక్క, అయిదు నిమిషాల పని.

చిక్కేంటంటే ఈ లెక్క దీర్ఘచతురస్రానికే సరిపోతుంది, మూల ఏమాత్రం వాలినా ఎక్కువే చూపిస్తుంది తప్ప తక్కువ ఎప్పుడూ చూపించదు. అంటే దెబ్బ ఎప్పుడూ కొనేవాడికీ కౌలు రైతుకీనే!

ఉదాహరణకి ఎదురెదురు గట్లు 200, 200 అడుగులు, మిగతావి 150, 150 అనుకోండి. సగటు లెక్కలో 30,000 చదరపు అడుగులు, సెంటుకి 435.6 చొప్పున దాదాపు 69 సెంట్లు. ఇప్పుడు మూల నుంచి ఎదురు మూలకి, అంటే కర్ణం, టేపు లాగితే 180 అడుగులొచ్చిందనుకుందాం. చేను రెండు త్రిభుజాలైంది. ఒక్కో త్రిభుజం మూడు భుజాలూ కలిపి సగం చేస్తే 265, అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 65, 115, 85. 265తో కలిపి ఈ నాలుగూ గుణించి ఫోన్‌లో వర్గమూలం కొట్టండి, ఒక త్రిభుజం విస్తీర్ణం వస్తుంది, సుమారు 12,976 చదరపు అడుగులు. రెండు త్రిభుజాలకీ కలిపి 60 సెంట్లు కూడా లేదు. తొమ్మిది సెంట్లు గాలిలో కలిసినట్టే.

కర్ణం లెక్కకి చేలో అడ్డంగా నడవాలి, నాట్లు ఊడ్చిన చేలో అది కుదరదు, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక చూసుకోవాలి. కౌలు మాట్లాడే ముందు నేనైతే కర్ణమే లాగిస్తాను. సగటు లెక్క ఎరువు బస్తాల అంచనాకి చాలు.