ఉపవాసం విడిచేటప్పుడు బెల్లమా, చక్కెరా?

కార్తీక సోమవారం వస్తే నెల్లూరులో మా ఇంట్లో ఇదే పంచాయితీ. చుక్కలు చూసి వచ్చాక పాయసంలో ఏం వేయాలి? అమ్మ బెల్లం అంటుంది, నేను చక్కెర డబ్బా తీస్తాను.

ఖర్చు: చక్కెర చవక. మంచి బెల్లానికి ఇంకాస్త పెట్టాలి.

శ్రమ: చక్కెర వేసి కలిపితే సరి. బెల్లాన్ని దంచి, కరిగించి, నలకలు పోయేలా వడకట్టాలి. మరుగుతున్న పాలలో వేస్తే విరిగిపోతాయి. దించి కాస్త చల్లారాకే వేయాలి. పోయినేడు తొందరపడి లీటరు పాలు విరగ్గొట్టాను. అమ్మ ఏమీ అనలేదు, గిన్నె వంక చూసిందంతే.

పోషకాలు: ఇక్కడ అందరూ బెల్లానికి ఎక్కువ మార్కులు వేస్తారు. అందులో ఇనుము ఉన్న మాట నిజమే, కానీ చెంచాడు బెల్లంతో ఒరిగేది కొంచెమే. శాకాహారులకు ఇనుము పప్పులు, తోటకూర, నువ్వుల నుంచి రావాలి. పైన నిమ్మకాయ పిండితే ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ బీ12 రెండింట్లోనూ లేదు, దానికి పాలు, పెరుగే దిక్కు.

రిస్క్: గ్రాము చక్కెరలో 4 కేలరీలు, బెల్లంలోనూ దాదాపు అంతే. షుగర్ ఉన్నవాళ్లకు "బెల్లమే కదా" అన్న ధీమా పనికిరాదు. మాత్రలు వాడేవాళ్లు ఉపవాసానికి ముందే డాక్టర్‌ని అడగాలి.

చలిమిడి, పానకం, నువ్వుల ఉండలకైతే బెల్లమే, చక్కెరతో ఆ రుచి రాదు. అలసిపోయిన సాయంత్రం పాల పాయసానికి చక్కెర చాలు. పొద్దుటి నుంచీ ఖాళీ కడుపైతే ముందు అరటిపండు, తర్వాతే పాయసం.