మా ఇంటి దీపాలు: ఏళ్ల తరబడి వాడిన తర్వాత ఒక సమీక్ష

విజయవాడలోని మా రెండు పడక గదుల ఫ్లాటులో ఉన్న పాత ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్‌లు తీసేసి 2017లో అన్నీ ఎల్ఈడీ దీపాలు పెట్టించాము. హాల్లో సీలింగు స్పాట్‌లైట్లు, గోడ బ్యాటెన్లు (ట్యూబులైటు ఆకారపు ఎల్ఈడీ దీపాలు), సీలింగు అంచుల్లో స్ట్రిప్పులు (చిన్న ఎల్ఈడీలు వరుసగా అతికిన పట్టీలు), వంటింట్లో అరల కింద ప్రొఫైల్ లైట్లు (లోహపు గాడిలో బిగించిన స్ట్రిప్పులు), పడక గదుల్లో రంగు మారే ప్యానెళ్లు, చదువుకునే బల్ల మీద టేబుల్ ల్యాంపు, ఇలా దుకాణంలో దొరికే రకాలు దాదాపు అన్నీ అప్పటి నుంచి రోజూ వాడుతున్నాము. బిగించిన కొత్తలో ఏ దీపమైనా బాగానే కనిపిస్తుంది. దాని అసలు గుణం తెలియడానికి కొన్ని వేసవులు, కొన్ని వానాకాలాలు గడవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: కాంతి ఎక్కడ పడుతోంది, దాని రంగు ఏమిటి, ఆ కాంతిలో వస్తువుల రంగులు ఎంత నిజంగా కనిపిస్తున్నాయి అనే సంగతులు తేల్చుకున్నాకే ఎన్ని దీపాలు, ఎన్ని వాట్లు అనే లెక్క వేసుకోవాలి.

వాట్లంటే దీపం తినే కరెంటు మాత్రమే. అది ఇచ్చే వెలుతురును లుమెన్లలో కొలుస్తారు. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు సుమారు 700 లుమెన్లు ఇచ్చేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 800 నుంచి 900 దాకా ఇస్తుంది. ఈ మార్పుకు మూలం నీలి ఎల్ఈడీ. దాని మీద పసుపు పూత వేస్తేనే ఇంటికి పనికొచ్చే తెల్లని వెలుగు వస్తుంది. ఆ నీలి ఎల్ఈడీని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే కేంద్ర ప్రభుత్వం ఎల్ఈడీ బల్బులను చవకగా అందించే ఉజాలా పథకం ప్రారంభించడంతో 9 వాట్ల బల్బు మన ఇళ్లన్నింటికీ పరిచయమైంది. ఒకే వాట్లున్న రెండు బల్బుల మధ్య కూడా లుమెన్లలో తేడా ఉంటుంది కనుక, కొనేముందు పెట్టె మీద ఆ అంకె చూడటం నాకు అలవాటైంది.

ఆ లుమెన్లు ఒక చదరపు మీటరు మీద ఎన్ని పడుతున్నాయో చెప్పేది లక్స్. మా హాలు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, అంటే దాదాపు 16.7 చదరపు మీటర్లు. అక్కడ 150 లక్స్ కావాలంటే నేరుగా లెక్క వేస్తే 2,500 లుమెన్లు చాలు. అయితే గోడలు, సీలింగు, దుమ్ము కొంత కాంతిని మింగేస్తాయి కనుక దీపాల నుంచి 4,500 నుంచి 5,000 లుమెన్లు బయటికి రావాలి. ఎదురెదురు గోడల మీద ఉన్న రెండు 20 వాట్ల బ్యాటెన్లు ఇందులో సుమారు 4,000 ఇస్తాయి, మిగిలినది సీలింగు అంచుల్లోంచి వస్తుంది. గోడలకు లేత రంగు వేయించడం కూడా లైటింగులో భాగమేనని, మధ్యలో ఒక గోడకు ముదురు నీలం వేయించినప్పుడు స్పష్టంగా తెలిసింది. అవే దీపాలతో ఆ పక్కంతా మసకబారింది.

సీలింగు స్పాట్‌లైట్ల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అవి ఫొటోల్లో చాలా బాగుంటాయి. కానీ కింద దివాను మీద వెనక్కి వాలి కూర్చున్న మనిషి కళ్లలోకి నేరుగా కొడతాయి, ముఖం మీద కనుబొమల నీడ కళ్ల కిందికి జారి మనుషులు అలసిపోయినట్టు కనిపిస్తారు. అమెరికన్ లైటింగ్ డిజైనర్ రిచర్డ్ కెల్లీ 1952లో కట్టడాల్లోని వెలుగును మూడు విధాలుగా విడదీశాడు: గది అంతటా పరుచుకునే వెలుగు, ఒక వస్తువు మీదికి చూపు లాగే వెలుగు, మెరుపులతో కంటికి ఉల్లాసం కలిగించే వెలుగు. స్పాట్‌లైటు పుట్టింది ఇందులో రెండో పనికి. 24 డిగ్రీల కోణంలో కాంతి చిమ్మే దానిని గోడ మీది చిత్రపటం వైపు తిప్పితే అందం వస్తుంది. అదే దీపాన్ని గది అంతటికీ వెలుగు ఇవ్వమని సీలింగు నిండా గుచ్చితే కింద గుండ్రటి మచ్చలు, మధ్యలో చీకటి మిగులుతాయి. మా హాల్లో ఇప్పుడు గోడల వైపు తిప్పిన స్పాట్‌లైట్లనే వెలిగిస్తున్నాము. మిగిలినవి చుట్టాలు వచ్చిన రోజున కూడా వేయడం లేదు.

సీలింగు అంచులో దాచిన స్ట్రిప్పు వెలుగు మాత్రం ఇన్నేళ్లయినా నాకు ఇష్టమే. కాంతి ముందు సీలింగుకు తగిలి, మెత్తబడి కిందికి దిగుతుంది కాబట్టి టీవీ చూసేటప్పుడు కళ్లకు హాయిగా ఉంటుంది. దాని లోపాలు వేరు. 12 వోల్టుల స్ట్రిప్పును 5 మీటర్లు దాటించి ఒకే చివర నుంచి కరెంటు ఇస్తే అవతలి చివర వెలుగు తగ్గిపోతుంది. రెండు చివర్ల నుంచీ ఇవ్వాలి, లేదా 24 వోల్టుల రకం తీసుకోవాలి. రెండోది, వెనుక ఉండే జిగురు మన వేసవి ఎండలకు నిలవదు. మా ఇంట్లో ఒక మే నెలలో స్ట్రిప్పు ఊడి సీలింగు అంచు మీదుగా వేలాడింది. తర్వాత అల్యూమినియం ప్రొఫైలులో పెట్టించాక ఆ బాధ లేదు. పైగా ఆ లోహం వేడిని లాగేస్తుంది కనుక చిన్న ఎల్ఈడీలు త్వరగా మసకబారవు.

మొత్తం ఇంట్లో పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇచ్చింది వంటింటి అరల కింద ఉన్న దీపమే. వంటగట్టు గోడకు ఆనుకుని ఉంటుంది, సీలింగు దీపం గది మధ్యలో ఉంటుంది. అంటే గట్టు దగ్గర నిలబడిన మనిషి దీపానికీ పనికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. బెండకాయలు తరిగేటప్పుడు కత్తి, వేళ్లు, కాయలు అన్నీ సొంత నీడలోనే ఉండిపోతాయి. కాంతి ముందు నుంచి, అది కూడా అడుగున్నర ఎత్తు నుంచి పడటం మొదలయ్యాక మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడానికి చాట పట్టుకుని బాల్కనీలోకి వెళ్లడం మానేసింది. వయసు పెరిగే కొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది, కనుపాప కూడా మునుపటంత తెరుచుకోదు. కాబట్టి పెద్దవాళ్లు పనిచేసే చోట కాంతి మోతాదు ఎక్కువగానే ఉండాలి. ఫోన్‌లోని యాప్ కచ్చితంగా కొలవదు కానీ పోల్చి చూడటానికి పనికొస్తుంది. దానితో చూస్తే గట్టు మీద వెలుతురు ముందున్నదానికి నాలుగైదు రెట్లు పెరిగింది. స్ట్రిప్పును అర ముందంచు దగ్గర, మన కళ్లకు నేరుగా కనిపించకుండా బిగించాలి. వెనుక గోడ దగ్గర పెడితే టైల్స్ మీద మెరుస్తుందే తప్ప గట్టు మీదికి చాలినంత రాదు.

దుకాణదారులు ఎవరూ తమంతట తాము చెప్పని అంకె సీఆర్ఐ. ఒక దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో 100కు ఇచ్చే మార్కు అది. ఫిలమెంటు బల్బుకు దాదాపు నూరు వస్తుంది, బజారులో మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. ఈ మార్కును 8 లేత రంగుల సగటుగా కడతారు. ముదురు ఎరుపు అందులో ఉండదు, దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది. మన ఇళ్లలో ఎరుపు లేని రోజు లేదు: కుంకుమ, గోంగూర కాడ, ఎండుమిర్చి, గద్వాల చీర అంచు. పూజ గదిలో మొదట ఉన్న చవక బల్బు కింద కుంకుమ ఇటుక పొడి రంగులో, బంతిపూలు వాడిపోయినట్టు కనిపించేవి. సీఆర్ఐ 90 దాటిన 3,000 కెల్విన్ (పసుపు ఛాయ) దీపం పెట్టాక అదే భరిణెలో అదే కుంకుమ నిండుగా ఎర్రబడింది. బీరువా ముందు కూడా అదే రకం వేశాము. మెరూన్, ముదురు గోధుమ రంగు చీరలు రాత్రిపూట కూడా తేడా తెలుస్తున్నాయి. ధర కొంత ఎక్కువే అయినా పూజ గది, బీరువా, అద్దం, వంటగట్టు అనే ఈ నాలుగు చోట్ల మాత్రం 90కి తగ్గవద్దని గట్టిగా చెబుతాను.

కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. 2,700 నుంచి 3,000 వరకు పసుపు వెచ్చదనం, 4,000 దగ్గర తటస్థమైన తెలుపు, 6,500 దగ్గర నీలి ఛాయ ఉన్న తెలుపు. మన ఊళ్లలో ట్యూబులైటు కాలం నుంచి 6,500కు కళ్లు అలవాటు పడ్డాయి, ఇప్పటికీ అడగకపోతే అదే చేతిలో పెడతారు. వంటింటికి, చదువుకు 4,000 నాకు సరిపోయింది. పడక గదికి, భోజనాల బల్లకు 3,000 బాగుంది. రాత్రి పడుకోబోయే ముందు నీలి ఛాయ ఎక్కువ ఉన్న వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది కనుక పడక గదిలో 6,500 దీపం నేను పెట్టను. స్విచ్చి ఆపి వేస్తే మూడు రంగులు మారే ప్యానెళ్లు ఈ సమస్యకు పరిష్కారంగా అమ్ముతారు. వాడకంలో ఒక చికాకు ఉంది: కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా రంగు మారిపోతుంది, పుస్తకం చదువుతున్న మనిషి లేచి మళ్లీ స్విచ్చి నొక్కుకోవాలి. రెండు రంగుల దీపాలకు రెండు వేర్వేరు స్విచ్చులు ఉన్న గదిలో ఆ బాధ లేదు.

మన్నిక విషయంలో పెట్టె మీది అంకెను అర్థం చేసుకుని నమ్మాలి. 25,000 గంటలు అంటే రోజుకు 5 గంటల చొప్పున 13 ఏళ్లకు పైమాటే, కానీ సాధారణంగా ఆ లెక్క వెలుగు 70 శాతానికి తగ్గే వరకు అని. నిజానికి ముందు పోయేది ఎల్ఈడీ కాదు, దాని వెనుక ఉండి, ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగినట్టు మార్చి ఇచ్చే డ్రైవరు. వేడికి అందులోని కెపాసిటరు దెబ్బతింటుంది. మా బాత్రూములో మూసి ఉన్న గాజు గోళం లోపలి బల్బులు పదేపదే పోయాయి, అవే బల్బులు బయట హోల్డరులో ఏళ్లుగా వెలుగుతున్నాయి. అందుకే సీలింగులో బిగించే దీపాలలో డ్రైవరు విడిగా ఉండి, అది మాత్రమే మార్చుకోగలిగే రకం తీసుకోవాలి. బిల్లు, పెట్టె దాచుకుంటే వారంటీలో మార్చి ఇస్తారు. చవక డ్రైవరుకు ఇంకో లోపం మినుకుమినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు, ఒక్కోదానిలో రెండు పోట్లు కనుక కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. ఫోన్ కెమెరా తెరిచి దీపం వైపు పెట్టినప్పుడు తెర మీద నల్లటి పట్టీలు కదిలితే ఆ దీపం నేను కొనను. వెలుగును తగ్గించి పెంచే డిమ్మరు పెట్టాలనుకుంటే దానికి తగినదని పెట్టె మీద రాసి ఉన్న బల్బే తేవాలి, మామూలు బల్బు దానిమీద వణుకుతుంది.

చదువు బల్లకు సీలింగు దీపం ఒక్కటే చాలదు. పుస్తకం మీద కనీసం 300 లక్స్ ఉండాలి. టేబుల్ ల్యాంపును సగం దూరానికి దించితే కాగితం మీద వెలుగు సుమారు నాలుగు రెట్లు అవుతుంది కాబట్టి 6 వాట్ల దీపమే ధారాళంగా సరిపోతుంది. కుడిచేత్తో రాసే పిల్లలకు ఎడమ పక్కన పెట్టాలి. గదిలో మిగతా దీపాలు ఆర్పేసి దాని కింద చదివితే కళ్లు త్వరగా అలుస్తాయి, పక్కన ఒక చిన్న బల్బు వెలుగుతూనే ఉండాలి.

రాత్రి దీపం సంగతి చిన్నదే. పాత జీరో బల్బు పేరుకే జీరో, నిజంగా సుమారు 15 వాట్లు తినేది. ఇప్పుడు అర వాటు ఎల్ఈడీ దాని చోట ఉంది. బాత్రూము అద్దానికి పైన ఒక దీపం కంటే రెండు పక్కలా చెరొకటి మేలు, గడ్డం కింద నీడ పడదు. బాల్కనీలో నీళ్లు, దుమ్ము చొరబడని ఐపీ65 రకం, అది కూడా పసుపు వెలుగుది వేశాము. వానాకాలంలో తెల్ల దీపానికి వచ్చినన్ని పురుగులు దీనికి రావడం లేదు.

తీసేసిన పాత ట్యూబులు, సీఎఫ్ఎల్‌లు అటక మీద పెట్టుకున్నవారు వాటిని మామూలు చెత్తలో వేయవద్దు. వాటిలో పాదరసం ఉంటుంది కనుక ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. చేయి జారి పగిలితే కిటికీలు తెరిచి, కాసేపు గది బయట ఉండి, చీపురుతో ఊడ్చకుండా గట్టి అట్టముక్కతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూత ఉన్న సీసాలో వేసి పంపాలి.