జాగ్రత్త: పొగగొట్టం ఎత్తు పెంచడానికి ‘దేనికైనా సరిపోయే’ ముక్క అని చెబితే నమ్మి కొనకండి

కట్టెల స్టవ్వుకున్న పొగగొట్టం పొట్టిగా ఉండి, తలుపు తీసినప్పుడల్లా గదిలోకి పొగ కమ్ముతుంటే, పైన మరో ముక్క తగిలించి ఎత్తు పెంచాలనుకోవడం సరైన ఆలోచనే. అయితే అమ్మేవారి మాట ఒక్కటే ఆధారంగా ఆ ముక్కను కొనదలచినవారు ముందుగా నాకు ఎదురైనది చదవవలసిందిగా కోరుతున్నాను.

నేను ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన గొట్టాన్ని అమ్మకందారు ‘రెండు పొరలది, లోపలి కొలత ఆరంగుళాలు, ఏ కంపెనీ చిమ్నీకైనా సరిపోతుంది’ అని వర్ణించారు. కట్టెల స్టవ్వుకు పనికివస్తుందా అని ముందే రాసి అడిగితే, నిశ్చింతగా వాడుకోవచ్చని జవాబిచ్చారు. వచ్చిన సరుకు చూడటానికి తళతళలాడుతూ బాగానే ఉంది. కానీ ప్యాకింగ్ టేపు ఒలిచేసరికి దాని కింద కప్పబడిన చిన్న లేబుల్ బయటపడింది; గ్యాస్ ఉపకరణాలకు మాత్రమే వాడాలని దాని మీద స్పష్టంగా అచ్చువేసి ఉంది. రెండు పొరల మధ్య సన్నని పుల్ల దూర్చి చూస్తే అడ్డు లేకుండా లోపలికంటా పోయింది, అంటే అక్కడ ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) అన్నదే లేదు.

ఇటువంటి గ్యాస్ గొట్టాలకు లోపలి పొర అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, పొగగొట్టంలోని మసికి నిప్పంటుకుంటే వేడి 1000 డిగ్రీలు దాటవచ్చు. మంట అంటుకోకపోయినా నష్టం తప్పదు. బయటి చలికి గొట్టం చల్లబడి, లోపలి పొగ సుమారు 120 డిగ్రీల కంటే దిగువకు పడిపోతే, అందులోని ఆవిరి క్రియోసోట్ అనే తారులాంటి జిగట పదార్థంగా మారి గోడలకు పేరుకుంటుంది. రేపటి మంటకు ఇంధనం అదే. పొగను పైకి లాగేది ఎత్తు ఒక్కటే కాదు, వేడి కూడా కనుక, ఇన్సులేషన్ లేని ముక్కతో పెంచిన ఎత్తు వల్ల ఆశించిన ఫలితమూ దక్కదు.

గొట్టం నా చిమ్నీ లాకులో, అంటే ముక్కలను ఒకదానికొకటి బిగించే చోట, కూర్చోవడం లేదని తెలియజేస్తే, స్క్రూలు బిగించి సీలెంటు పూయమని వారు సలహా ఇచ్చారు. ఇది మరీ ప్రమాదకరమైన సలహా, ఎందుకంటే లోపలి పొరకు స్క్రూతో తూటు పెట్టనే కూడదు. తయారీదారులు ఎవరి లాకు వారు రూపొందించుకుంటారు, పరీక్షించి ధ్రువీకరించేది కూడా మొత్తం వ్యవస్థనే. వేరే కంపెనీ ముక్క కలిపితే ఆ ధ్రువీకరణ చెల్లదు.

కాబట్టి డబ్బు చెల్లించే ముందే లేబుల్ ఫొటో అడగండి. మీ చిమ్నీ తయారీదారు, మోడల్, లోపలి వ్యాసం మూడూ కలవాలి. అమెరికా ప్రమాణాల గొట్టమైతే ఎక్కువ వేడిని తట్టుకునే పరీక్ష నెగ్గిందని తెలిపే యూఎల్ 103 హెచ్‌టీ అన్న గుర్తు ఉండాలి. ఆ పరీక్షలో దాదాపు 1150 డిగ్రీల వేడిని పది నిమిషాల చొప్పున మూడుసార్లు తట్టుకోవాలి. లోపలి పొర స్టీలో అల్యూమినియమో అయస్కాంతం పెట్టి తేల్చుకోవచ్చని కొందరు చెబుతారు గానీ, చిమ్నీలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు రకాల్లో చాలావాటికి కూడా అల్యూమినియంలాగే అయస్కాంతం అంటదు.

ఎంత ఎత్తు కావాలో కూడా అమ్మకందారు లెక్క మీద వదలకండి. పైకప్పును దాటే చోటి నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలోపు ఉన్న కట్టడం కంటే కనీసం 2 అడుగులు పైకి ఉండాలన్నది అమెరికాలో పాటించే నియమం. కప్పు మీద 5 అడుగులు దాటితే చాలా కంపెనీలు ఆధారపు కడ్డీలు తప్పనిసరి అంటాయి, వాటి ఖర్చు ప్రకటనలో కనిపించదు. అసలు కొనేముందు పై టోపీ జాలీ మసితో పూడుకుపోయిందేమో చూడటం మంచిది; ఒక్కోసారి శుభ్రం చేస్తే పొగ సమస్యే తీరిపోతుంది.

పెట్టె తెరిచారు కనుక వాపసు తీసుకోబోమని అమ్మకందారు అంటున్నారు. లేబుల్ ఫొటోను, వారు రాతపూర్వకంగా ఇచ్చిన హామీని జతచేసి చెల్లింపు సంస్థకు ఫిర్యాదు చేశాను. ఇలాంటి గొట్టం మీకూ చేరి ఉంటే దాన్ని బిగించకండి, లేబుల్‌ను ఒలిచేయకండి, అమ్మకందారుతో మాటలన్నీ రాతలోనే జరపండి.