గది అద్దె చెల్లించే ముందు నేల ఎలాంటిదో అడగండి

లోయ అంచున చెక్క స్తంభాల మీద నిలబెట్టిన డెక్‌ను చూపించి, అది ఛాయాచిత్రకారుల కోసమే కట్టినదని చెప్పి, సాధారణ గది అద్దెకు ఒకటిన్నర రెట్లు వసూలు చేసిన కొండ మీది వసతి గృహం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు సమయానికే వచ్చాయి, డెక్ మీద నుంచి కనిపించే దృశ్యానికి వంక పెట్టడానికీ లేదు. అయితే అద్దెలో అదనపు భాగాన్ని వాళ్లు ఏ సదుపాయం పేరు చెప్పి తీసుకున్నారో, ఎక్కువ రిజల్యూషన్ గల కెమెరాతో వచ్చినవారికి ఆ సదుపాయమే పనికిరాదు.

నా దగ్గర ఉన్నది 45.7 మెగాపిక్సెళ్ల నికాన్ డి850 కెమెరా. దాని సెన్సర్ మీద, అంటే బొమ్మ పడే పలక మీద, ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 200 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే, కిలోమీటరు దూరంలోని కొండ మీద రెండు సెంటీమీటర్ల మేర మాత్రమే ఒక పిక్సెల్‌లోకి వస్తుంది. ట్రైపాడ్ కాళ్ల మధ్య మీటరు ఎడం ఉందనుకుంటే, ఒక కాలి కింద పలక 0.022 మిల్లీమీటర్లు, అంటే వెంట్రుక మందం కంటే తక్కువ కుంగినా చాలు, బొమ్మ ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది. ఆ డెక్ మీద మనిషి నడిచినప్పుడు పలకలు కుంగడం కంటికే కనిపిస్తుంది.

తెల్లవారుజామున ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 64 వద్ద, ఎఫ్/8 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) వద్ద షట్టర్ ఒక సెకను పాటు తెరిచి ఉండవలసి వచ్చింది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద, దృశ్యాన్ని పెద్దది చేసి చూస్తే, డెక్ రెండో చివర ఎవరో కుర్చీ జరిపిన ప్రతిసారీ ఎదురు కొండ మీది చెట్లు తెర మీద గంతులు వేశాయి. పక్కనే నిలబడి ఉన్న మా తమ్ముడిని కదలవద్దని కోరితే, కొంతసేపు ఓర్చుకుని, "ఊపిరి కూడా బిగపట్టాలా అన్నయ్యా?" అని విసుక్కుని గదిలోకి వెళ్లిపోయాడు. అతను వెళ్తున్నంతసేపూ చెట్లు ఊగాయి.

మేనేజరును కలిసి విషయం చెప్పాను. "ఇంతవరకూ ఎవరూ ఇలా అనలేదండీ, మీ స్టాండు వదులుగా ఉందేమో చూసుకోండి" అంటూ, అదే డెక్ మీద తన ఫోనుతో తీసిన బొమ్మలు చూపించాడు. ఫోను తెర మీద అవి చక్కగానే ఉన్నాయి. ఆ మాటకొస్తే నా బొమ్మలు కూడా ఆ పరిమాణంలో చక్కగానే కనిపిస్తాయి, ఎందుకంటే 8256 పిక్సెళ్ల వెడల్పును పదిహేను వందలకో రెండు వేలకో కుదించినప్పుడు చిన్న అదురు అందులో కలిసిపోతుంది. బొమ్మను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 27 అంగుళాల వెడల్పుకు ముద్రించి గోడకు తగిలించాలనుకునే వాడికే ఈ బాధ. అలాంటి వాడి కోసమే ఈ డెక్ కట్టామని చెప్పింది మాత్రం వాళ్లే. పోనీ నేల మీద ట్రైపాడ్ పెట్టుకుంటానని తోట అంచుకు దారి అడిగితే, పొద్దెక్కేవరకు ఆ గేటు తీయరని తేల్చి చెప్పారు. చివరకు ఐఎస్ఓను 400కు పెంచి, షట్టర్‌ను ఒక సెకను నుంచి 1/6 సెకనుకు కుదించి, అడుగుల చప్పుడు ఆగిన క్షణాలు చూసి తీసినవాటిలో కొన్ని దక్కాయి. ఐఎస్ఓ 64 ఇచ్చే నున్నని నీడలు మాత్రం పోయాయి.

లెన్సు అద్దెకు ఇచ్చిన దుకాణం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మొదట ఇచ్చిన లెన్సుతో దూరపు భవనాలను తీసి నాలుగు మూలలూ పోల్చి చూస్తే ఎడమ అంచు మెత్తగా వచ్చింది. లోపలి గాజు పలకలు ఒక వరుసలో లేకపోతే అలా అవుతుంది. వాదించకుండా మరొకటి ఇచ్చారు. లెన్సు ముందు తగిలించుకోమని వాళ్లిచ్చిన చవక ఫిల్టర్‌ను నేనే తిరిగి ఇచ్చేశాను, పొడవాటి లెన్సు ముందు నాసిరకం గాజు పెడితే పదును తగ్గుతుంది.

మధ్యాహ్నాలలో చెప్పుకోదగ్గది లేదు. వేడెక్కిన లోయ మీదుగా దూరపు దృశ్యాలు తీస్తే గాలిలోని అలల వల్ల అంచులు వంకర్లు పోయాయి, దానికి ఏ ట్రైపాడూ మందు కాదు. ఏసీ ఆగిపోతుందని కారు డ్రైవరు ఇంజను ఆపడానికి ఒప్పుకోలేదు, మా తమ్ముడు అతన్నే సమర్థించాడు. ఇంజను నడుస్తున్న కారు కిటికీ మీద లెన్సు ఆనించి తీయడం కంటే దిగి చేత్తో తీయడమే మేలు. చేత్తో తీసేటప్పుడు 200 మిల్లీమీటర్లకు 1/200 సెకను సరిపోతుందన్న పాత లెక్క ఇంత ఎక్కువ పిక్సెళ్లున్న కెమెరాలకు చాలదు, 1/400 అయినా ఉండాలి. చల్లని కారులోంచి తేమగాలిలోకి దిగేటప్పుడు లెన్సు మీద ఆవిరి పట్టకుండా, కెమెరాను కాసేపు సంచిలోనే మూసి ఉంచవలసి వచ్చింది.

తరువాత దిగిన అతిథి గృహం గదిలోంచి చూస్తే ఎదుటి గోడ తప్ప ఏమీ కనబడదు, అద్దె మాత్రం మొదటిదానిలో సగం కూడా లేదు. వెనుక దారి వెంట కొద్ది దూరం నడిస్తే కొండలో భాగమైన విశాలమైన బండ ఉంది. కావలి మనిషి అడగకుండానే చీకటి ఉండగా గేటు తీశాడు. నా సంతోషమంతా ఆ బండ మీదే.

అక్కడ ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకుండా, సన్నని చివరి కాళ్లను బయటకు లాగకుండా, వంగి పని చేశాను. లెన్సులోని కంపన నివారణను ఆపేశాను, స్థిరంగా ఉన్న ట్రైపాడ్ మీద కొన్ని లెన్సులలో అదే అదురు పుట్టిస్తుంది. బొమ్మ తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం (మిర్రర్) పైకి లేచే దెబ్బ సుమారు అర సెకను నుంచి 1/60 సెకను వరకు ఉండే షట్టర్ వేగాల వద్ద ఎక్కువ చెడుపు చేస్తుంది. అందువల్ల మిర్రర్‌ను ముందే లేపి, షట్టర్ మొదటి తెర కదలకుండా సెన్సరే బొమ్మ మొదలుపెట్టే ‘ఎలక్ట్రానిక్ మొదటి తెర’ను ఎంచుకుని, రిమోట్‌తో తీశాను. ఫోకస్ కోసం లైవ్ వ్యూనే నమ్మాను, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేసేది వేరే సెన్సర్ కాబట్టి, లెన్సుకు దానికి మధ్య చిన్న తేడా ఉన్నా ఇన్ని పిక్సెళ్లలో బయటపడుతుంది.

అంతా పదునుగా రావాలని అలవాటుగా ఎఫ్/16కు, ఎఫ్/22కు వెళ్లేవారితో నేను ఏకీభవించను. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదిరి పరుచుకుంటుంది కాబట్టి, ఎఫ్/16 వద్ద ఒక వెలుగు బిందువు సెన్సర్ మీద దాదాపు 21 మైక్రాన్ల చుక్కగా, అంటే దరిదాపు ఐదు పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది, ఎఫ్/8 వద్ద అందులో సగమే. ముందున్న గడ్డి, వెనుకనున్న కొండ రెండూ కావాలంటే ఎఫ్/8 వద్ద వేర్వేరు ఫోకస్‌తో తీసి తరువాత కలుపుకోవడమే నయం. ఆ బండ మీద తీసినవాటిలో రాతి మీది నాచు పోగులు విడివిడిగా కనిపించాయి. మా తమ్ముడు కూడా కెమెరాను తన చేతిలోకి తీసుకుని తెర మీద చూశాడు.

గది తీసుకునే ముందు కిటికీలోంచి ఏమి కనబడుతుందని అడగకండి, ట్రైపాడ్ పెట్టే చోట నేల కాంక్రీటా, రాయా, చెక్కా అని, గేటు ఎన్ని గంటలకు తీస్తారని అడగండి. డెక్ ఉన్న వసతి గృహానికి ఈ వివరాలన్నీ ఉత్తరంగా రాశాను. అతిథుల సౌకర్యార్థం త్వరలో డెక్ అంతటా తివాచీ పరిపిస్తామని జవాబు వచ్చింది. తివాచీ వేస్తే అడుగుల చప్పుడు తగ్గుతుంది, పలకలు కుంగడం తగ్గదు. పైగా ఎవరు ఎప్పుడు నడుస్తున్నారో ఇకమీదట వినబడదు కూడా.