తయారీకి ఎక్కని రైఫిళ్ల వెంట: స్ప్రింగ్‌ఫీల్డ్, ఆగ్డెన్, కోడీ

నమూనా దశలోనే ఆగిపోయిన రైఫిళ్లంటే నాకు పిచ్చి. అసలువి కొనే స్తోమత లేదు కాబట్టి చెక్కతో, అల్యూమినియంతో పేలని నకళ్లు చేసుకుంటాను. నకలు తీయాలంటే తుపాకీని రెండు వైపులా చూడాలి. పుస్తకాల్లో చాలావరకు ఒకవైపు ఫొటోయే దొరుకుతుంది. అమెరికాలో ఈ మూడు ఊళ్లు తిరిగింది ఆ రెండో వైపు కోసమే.

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీకి టికెట్ లేదు. 1968లో మూతపడిన ఈ ప్రభుత్వ ఆయుధ కర్మాగారాన్ని ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ చూస్తోంది. కాలేజీ ఆవరణలో ఉంది కనుక దారి ముందే కనుక్కుని వెళ్లండి. రైఫిళ్ల రూపకర్త జాన్ గారండ్ పనిచేసింది ఇక్కడే. ఆయన తొలి రైఫిళ్లు తూటా అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్ వెనక్కి తన్నే బలంతో నడిచేవి. తూటా పేలితే పుట్టే వాయువు బలంతో నడిచే గ్యాస్ పద్ధతికి తర్వాత మారాడు. .276 తూటాకి (అంకె అంగుళాల్లో తూటా మందం) చేసిన రైఫిల్ క్లిప్‌లో, అంటే తూటాల్ని గుత్తిగా పట్టి ఉంచే రేకులో, పది పట్టేవి. .30 తూటాల నిల్వలు బోలెడున్నాయని 1932లో అప్పటి సైన్యాధిపతి మెకార్థర్ దాన్ని కాదన్నాడు. 1936లో సైన్యం తీసుకున్న గారండ్ రైఫిల్ ఎం1లో పట్టేవి ఎనిమిదే. సైన్యానికి రైఫిల్ ఎంచుకునే పోటీలో ఓడిన పెడర్సన్ రైఫిల్‌కైతే తూటాలకి మైనం పూయాల్సి వచ్చేది. ఈ గొడవంతా తెలిసి వెళ్తేనే అక్కడి అద్దాల ముందు కాళ్లు ఆగుతాయి, లేకపోతే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నన్ను కదలనివ్వనిది మాత్రం బ్లాంచర్డ్ లేత్. ఒక చక్రం నమూనాని తడుముతూ పోతుంటే, పక్కనున్న కొయ్య అదే వంపుల్లో చెక్కుకుపోయే యంత్రం. వంకర తిరిగిన తుపాకీ కర్రని రెండు వందల ఏళ్ల క్రితమే యంత్రంతో నకలు తీశారు! నేనింకా ఆకురాయి పట్టుకుని కూర్చుంటున్నాను.

బస గురించి చెప్పుకోడానికేం లేదు. హైవే పక్క మోటెల్, పల్చటి గోడలు, రాత్రంతా పక్క గది టీవీ.

యూటాలోని ఆగ్డెన్‌లో బ్రౌనింగ్ మ్యూజియం పాత రైల్వే స్టేషన్ భవనంలోనే ఉంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి లోకల్ రైలుంది, ఆదివారం నడవదు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ చేతులతో చేసిన నమూనాలు ఇక్కడ చూడొచ్చు. ఆయన సింగిల్ షాట్ (ఒక్కో తూటాకీ మళ్లీ నింపాల్సిన) రైఫిల్ హక్కుల్ని తుపాకుల కంపెనీ వించెస్టర్ 1883లో 8,000 డాలర్లకు కొంది. ఆ తర్వాత కొన్న డిజైన్లలో చాలావాటిని వేరేవాళ్ల చేతిలో పడకుండా మూలన పెట్టేసింది. మ్యూజియం చిన్నదే, ఒక పూట చాలు.

ఒక్కచోటికే వెళ్లగలిగితే వయోమింగ్‌లోని కోడీకే నా ఓటు. వించెస్టర్ కంపెనీ సొంత సేకరణ 1970లలో అక్కడికి చేరింది, 2019లో అక్కడి తుపాకుల మ్యూజియాన్ని కొత్తగా తీర్చారు. ఒకే టికెట్‌తో అయిదు మ్యూజియాలు. తుపాకుల విభాగానికే నాకు పూటంతా పట్టింది. పక్కనే మెక్‌క్రాకెన్ లైబ్రరీ: ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే, అద్దం వెనక కనిపించని సంగతులు అక్కడి పాత కాగితాల్లో వెతుక్కోవచ్చు. దూరాభారం నిజమే. యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ తూర్పు ద్వారం యాభై మైళ్ల పైచిలుకు, చలికాలంలో ఆ దారి మూసేస్తారు. వేసవిలో గదులకు గిరాకీ ఎక్కువ, రేట్లూ మంట.

నకలు తుపాకీ వెంట తెచ్చుకునేవాళ్లు దాన్ని విమానంలో చేతి సంచిలో పెట్టకండి. పేలనిదైనా సరే, చెక్-ఇన్ లగేజీలోనే వేయాలి.